అనువాదకురాలి గమనిక

హైదరాబాద్, హాస్టల్
ఆగస్టు

వర్షా,

ఫోన్ చేస్తే మీ అన్న రంజిత్ ఎత్తాడు. "వర్ష స్కూలుకు పోయింది, ఏం పనుండె?" అన్నాడు. స్పానిష్ నవల గురించి మాట్లాడే పని అని చెబితే విత్తనాల దుకాణంలో ఉన్నవాళ్లందరికీ చెప్పి మరీ నవ్వుతాడు. ఏమీ లేదని పెట్టేశాను. ఇక నుంచి నీ స్కూలు చిరునామాకు ఉత్తరాలే. బీఏలో మేడమ్ మన ఇద్దరి చేత స్పానిష్‌లో వారానికొక ఉత్తరం రాయించి ప్రాణం తీసేది కదా, ఆ అలవాటు ఇన్నాళ్లకు పనికొచ్చింది. భయపడకు, తెలుగులోనే రాస్తాను.

ఎంఏ రెండో ఏడు మొదలైంది. ఈసారి ఆధునిక స్పానిష్ నవల. అసలు నువ్వు కూర్చోవాల్సిన క్లాసు ఇది. ఒక పల్లె కథ చదువుతున్నాం. చర్చిలో ముందు బెంచీల మీద భూములున్నవాళ్లు కూర్చుంటారు, కూలివాళ్లు వెనక గోడకు ఆనుకుని నిలబడతారు. పాదిరి పసిబిడ్డ నెత్తిన నీళ్లు పోసే ఘట్టం వచ్చింది. ఢిల్లీ పిల్లలకూ కలకత్తా పిల్లలకూ అది అంతుపట్టలేదు. ఎందుకు పోస్తున్నాడు, ఆ తల్లి ఎందుకు ఏడుస్తోంది అని ఒకటే ప్రశ్నలు. నేను చెయ్యెత్తాను. బీఏ మూడేళ్లూ ఇంగ్లీషు సరిగా రాదని నోరు మూసుకుని కూర్చున్నదాన్ని, ఆ రోజు గంటసేపు మాట్లాడాను.

దాని మీదే స్పానిష్‌లో వ్యాసం రాశాను. మా డిపార్ట్‌మెంట్ పత్రికలో వేశారు. పేరు "వెనక గోడ". నా పదో తరగతి సెలవుల్లో మన ఊరి కాలువలో మాకు బాప్తిస్మం ఇచ్చిన రోజు ఉంది అందులో. ఫొటో కూడా వేశారు. నడుము లోతు నీళ్లలో జాన్ పాస్టరు, పక్కన మా నాయిన, నేను. ఒక కాపీ దీంతో పంపుతున్నాను. ఎర్ర పెన్ను తీసి చదువు. తెలుగులోకి మార్చడంలో క్లాసుకే ఫస్టు నువ్వు, నీ ముందు నా రాత ఆగుతుందో లేదో చూడాలి.

నీ
చైతన్య

* * *

గద్వాల
సెప్టెంబరు

చైతూ,

పత్రిక చేరింది. స్టాఫ్ రూములో చదివితే పక్క టీచరు తొంగి చూసి "ఇది ఏ భాష మేడమ్, తమిళమా?" అంది. అవునన్నాను.

నా మూడో తరగతిలో సగం బెంచీలు ఖాళీ. ధరూరు వైపు పత్తి చేలలో ఒక పువ్వు పుప్పొడి ఇంకో పువ్వుకు రాసే క్రాసింగ్ పని నడుస్తోంది. దానికి చిన్న పిల్లల వేళ్లయితే చకచకా ఆడతాయట. ఆ చేలకు విత్తనం ఇచ్చేది మా అన్న దుకాణం, ఆ పిల్లలకు ఆబ్సెంట్ వేసేది నేను. ఒక్క ఇంట్లో రెండు ఉద్యోగాలు, బాగుంది కదా.

నీ వ్యాసంలో రెండు మూడు చోట్ల క్రియలు తప్పు పడ్డాయి, అంచున గుర్తు పెట్టాను. మిగిలినదంతా బాగుంది. బాగుందని రాయడానికి నాకు వారం పట్టింది, అందుకే జవాబు ఆలస్యం. మీ నాయిన నీకంటే ముందు నీళ్లలోకి దిగిన చోట పత్రిక మూసేసి బయటికొచ్చాను. కుళ్లు పుట్టింది. అబద్ధం ఎందుకు?

నాకు రాయడానికి ఏముంది చెప్పు. మా నాయిన సర్పంచ్ అయ్యాడు, అన్న దుకాణం పెట్టాడు, బీఏ అయిన మర్నాడే నన్ను గద్వాల తెచ్చి ఈ స్కూల్లో పెట్టారు. "గా స్పానిష్ ఏం కూడు పెడ్తది?" అన్నాడు అన్న. అంతే నా కథ. నీకు సీటిచ్చి, ఫీజు కట్టి చదివించడానికి సర్కారు ఉంది. నాకు మాన్పించడానికి అన్న ఉన్నాడు. భూమి ఉన్నోళ్ల పిల్ల ఏడిస్తే ఏ నవలలోనూ పట్టించుకోరు.

నాకు రాయడం మానకు. నేను ఏమన్నా సరే.

వర్ష

* * *

హైదరాబాద్, హాస్టల్
నవంబరు చివర

వర్షా,

నీ మాట గొంతులో ముల్లులా పడింది, అందుకే ఇన్నాళ్లు రాయలేదు. సీటు సర్కారే ఇచ్చింది. చదివింది మాత్రం నేను. నిన్ను మాన్పించింది నా కులం సర్టిఫికెట్ కాదు, మీ ఇంటివాళ్లు. ఆ లెక్క మీ ఇంట్లోనే తేల్చుకో, నా దగ్గరికి తేకు.

సరే, కోపం అయిపోయింది. అసలు సంగతి విను. మన ఊరి సర్పంచ్ సీటు ఈసారి ఎస్సీలకు వచ్చిందని నీకు తెలిసే ఉంటుంది. మీ నాయిన కృష్ణయ్య పటేలు తన పశువుల దగ్గరుండే పెంటయ్యను నిలబెట్టాడట. పెంటయ్య సర్పంచ్ అయితే ముద్ర ఎవరి జేబులో ఉంటుందో ఊళ్లో కోడిపిల్లను అడిగినా చెబుతుంది.

నిన్న నాయిన ఫోన్ చేశాడు. "బిడ్డా, మనకు సీటొచ్చె. మన సీట్ల గూడ పటేలే కూసుంటనంటే ఎట్ల? నేను నామినేషన్ ఏసిన," అన్నాడు. గొంతులో బుగులు కాదు, సంబరం. వాడకట్టంతా వెంట నడిచి పోయారట. జాన్ పాస్టరు ప్రార్థన చేశాడట. అమ్మ వెనక నుంచి "ఎందుకయ్యా మనకు పంచాయితి" అంటూనే ఉంది, ఆయన వింటేగా. పంపుల కింద పొద్దంతా బిందెల వరుస ఎందుకుండాలి, వాడకట్టుకు నీళ్లు చివర్న ఎందుకు వదలాలి అని నాతో అర్ధగంట మాట్లాడాడు. మా నాయిన నాతో అంతసేపు ఎప్పుడూ మాట్లాడలేదు.

మీ నాయిన మీద మా నాయిన నిలబడ్డాడు. నీకు కోపమా? ఉంటే ఉందని రాయి.

చైతన్య

* * *

గద్వాల
డిసెంబరు

చైతూ,

కోపం లేదు. స్కూల్లో అర్ధసంవత్సరం పరీక్షలు, పేపర్లు దిద్దడంతో చేతులు పడిపోతున్నాయి. చలి మొదలైంది.

మీ నాయినకు చెప్పి చూడు. ఎన్నికలు మనలాంటి వాళ్ల స్నేహాలు చెడగొట్టడానికే వస్తాయి. ఆయన మంచి మనిషి, ఈ రొంపి ఎందుకు?

ఇంకొకటి. నీ పత్రిక కంప్యూటర్లో కూడా పెట్టారా? పెడితే తీయించెయ్యి. ఎందుకని అడగకు. సర్టిఫికెట్‌లో మీరు హిందువులు, ఎస్సీలు. బాప్తిస్మం తీసుకున్నట్టు తేలితే ఎస్సీ పోయి బీసీ-సి అంటారు. అప్పుడు నీ సీటూ పోతుంది, ఆ సీట్లో మీ నాయిన నిలబడటమూ పోతుంది. ఇది నాకంటే నీకే బాగా తెలుసు. ఊళ్లో అందరికీ తెలిసిన సంగతే, కానీ ఎవరూ కాగితం మీద పెట్టరు. నువ్వు పెట్టావు, ఫొటో వేసి మరీ.

జాగ్రత్త.

వర్ష

* * *

హైదరాబాద్, హాస్టల్
డిసెంబరు

వర్షా,

మా నాయిన నామినేషన్ వెనక్కి తీసుకున్నాడు. పెంటయ్య ఏకగ్రీవం. మీ ఇంట్లో స్వీట్లు పంచే ఉంటారు.

ఫోన్ చేసి అడిగాను. "ఏమైంది నాయినా?" అంటే "ఏం కాలే. నీ సదువు నువ్వు సదువుకో," అన్నాడు. ఇంకోసారి అడిగితే అదే మాట. మూడోసారి అరిచాను. వాడకట్టంతా నీ వెంట నడిచింది కదా, వాళ్ల మొహం ఎట్లా చూస్తావు, పటేలు ఇంటి ముందు చెప్పులు చేతిలో పట్టుకుని నడిచిన అలవాటు పోలేదా అన్నాను. అవును, అన్నాను. ఆయన ఫోన్ పెట్టలేదు. నేను అరిచి అరిచి ఆగేదాకా విని, "తిన్నవా బిడ్డా?" అన్నాడు. నేనే పెట్టేశాను. అప్పటి నుంచి మాట్లాడలేదు.

ఇక్కడ క్లాసులో ధైర్యం గురించి రోజూ చెప్పుకుంటాం. యుద్ధంలో చచ్చిపోయిన కవుల గురించి, దేశం విడిచినవాళ్ల గురించి. మా ఇంట్లో మనిషి ఒక్క సంతకం మీద నిలబడలేకపోయాడు. సిగ్గేస్తోంది.

పత్రిక గురించి నువ్వు దిగులు పడకు. కంప్యూటర్లో పెట్టలేదు. ఉన్నా నాకేం భయం? అది స్పానిష్‌లో ఉంది. అందుకే కదా అంత ధైర్యంగా రాశాను. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు మొత్తం గాలించినా దాన్ని చదవగలిగిన వాళ్లం ఇద్దరమే, నువ్వూ నేనూ.

మీ అన్నను మెల్లగా అడుగు, మా నాయినను ఏమని బెదిరించారో. నీకైతే చెబుతాడు.

చైతన్య

* * *

గద్వాల
డిసెంబరు

చైతూ,

అడిగాను. ఏమీ లేదన్నాడు. ఇట్లాంటివి మా ఇంట్లో ఆడవాళ్లకు చెప్పరు. నాకేమీ తెలియదు.

మీ నాయిన ఏదో ఆలోచించే చేసి ఉంటాడు. ఆయన మీద అరవకు. ఇంటికి పోయినప్పుడు మంచిగా మాట్లాడు.

నువ్వు పంపిన పత్రిక ఎక్కడో పెట్టి మరిచిపోయాను. దొరికితే పంపిస్తాను.

వర్ష

* * *

మన ఊరు, పాన్‌గల్ మండలం
డిసెంబరు మూడో వారం

వర్షా,

సెలవులకు ఇంటికి వచ్చాను. నాయిన మీద కోపంతో రెండు రోజులు ఆయన వైపు చూడకుండానే అన్నం తిన్నాను. మూడో రోజు అమ్మ తట్టుకోలేక చెప్పింది. ఆమె చెప్పినట్టే రాస్తున్నాను. వినాల్సింది నువ్వే.

"పొద్దుగూకంగ రంజిత్ పటేలు వచ్చిండు. గీ మంచం మీద కూసొని కాగితం తీసిండు. ‘ప్రభుదాసూ, నీ బిడ్డ గా దేశపు భాషల రాసింది, తెలుగుల చేయించిన, ఇను’ అని మొత్తం సదివిండు. సదివి, ‘వాపస్ తీసుకుంటవా, దీన్ని కలెక్టరాఫీసుకు, నీ బిడ్డ కాలేజికి పంపాల్నా?’ అన్నడు. మీ నాయిన ఇంగొక్కసారి సదువుమన్నడు. నా గురించి రాసిన కాడ సదువు పటేలా అని అడిగిండు. మల్ల సదివిండు. మీ నాయిన కండ్లెంబడి నీళ్లు కారుతుంటె రంజిత్ పటేలు, బుగులుతోని ఏడుస్తుండనుకున్నడు. గాయన పోయినంక మీ నాయిన నాతోని, ‘సాయమ్మా, బిడ్డ నన్ను మర్వలే’ అన్నడు. తెల్లారి పోయి సంతకం పెట్టొచ్చిండు. నీకు చెప్పొద్దని నా మీద ఒట్టు ఏయించుకుండు."

నేను రాసింది ఒక్క ముక్క కూడా ఇన్నేళ్లలో నాయినకు చదివి వినిపించలేదు. ఆయనకేం అర్థమవుతుందిలే అనుకున్నాను. మీ అన్న వినిపించాడు, నీ తెలుగులో.

ఆ కాగితాల జిరాక్స్ ఇక్కడే వదిలిపెట్టి పోయాడు. అసలు కాగితాలు తన దగ్గర ఉన్నాయట. చదివాను. "నేను భయపడతానేమోనన్న భయంతో మా నాయినే ముందు నీళ్లలోకి దిగాడు." నా స్పానిష్ వాక్యం ఇంత బాగా లేదు వర్షా. మేడమ్ చూస్తే పదికి పది వేసేది. ఎక్కడా ఒక్క మాట ఎక్కువ లేదు, ఒక్క మాట తక్కువ లేదు.

కింద గమనికలు కూడా ఇచ్చావు. నేను ఎవరి పేరూ రాయలేదు. పాస్టరు అన్నాను, నాయిన అన్నాను, ఊరి కాలువ అన్నాను. పాఠకుడికి తెలియనిదాన్ని అనువాదకుడు కింద వివరించాలని మేడమ్ నేర్పింది కదా, నువ్వు వివరించావు. పాస్టరు అంటే జాన్. నాయిన అంటే ప్రభుదాసు. ఊరు పేరు, మండలం పేరు, బాప్తిస్మం జరిగిన సంవత్సరం. ఈ గమనికలు లేకపోతే మీ అన్న చేతిలో ఉన్నది ఒక కథ, ఆఫీసుల్లో ఎవరూ గుర్తుపట్టని ఒక ఫొటో. అందులోవాళ్లు ఎవరైనా కావచ్చు.

చేతివ్రాత కూడా మార్చలేదు నువ్వు. అంత ధీమా.

ఒక్కటి చెప్పు. గమనికలు వాళ్లు అడిగారా, నువ్వే ఇచ్చావా?

చైతన్య

* * *

గద్వాల
డిసెంబరు

చైతూ,

నేను కాదని రాయడం మొదలుపెట్టి రెండు కాగితాలు చించాను. ఇద్దరమే కదా ఉన్నది, ఎవరి మీద వేస్తాను?

పత్రిక నా బ్యాగులో ఉండేది. రోజూ స్కూలుకు తీసుకుపోయి తెచ్చేదాన్ని. అన్న ఫోన్ చార్జర్ వెతుకుతూ దాన్ని తీశాడు. ఫొటో చూశాడు. "గీయన ప్రభుదాసు గదా?" అన్నాడు. నామినేషన్లు పడిన రోజే అది. "ఏం రాసిందో తెలుగుల రాసియ్యి," అన్నాడు. ఎందుకో నాకు తెలుసు. తెలియదని బుకాయించను.

రాదు, మరిచిపోయాను అని ఒక్క మాట అంటే అయిపోయేది. అనలేదు.

ఎన్నికల ఖర్చుకు డబ్బు కోసం నాయిన ఆ సాయంత్రం ఊరి నుంచి గద్వాల వచ్చి ఉన్నాడు. నేను కాగితం, పెన్ను తీసుకుని కూర్చుంటే ఆయన లేచి టీవీ ఆపాడు. "పిల్ల రాస్తుంది, సప్పుడు చెయ్యకున్రి," అన్నాడు. వదిన టీ తెచ్చి పక్కన పెట్టింది. అన్న ఫ్యాను నా వైపు తిప్పాడు. నేను బీఏ చదివి వచ్చినప్పటి నుంచి ఆ ఇంట్లో నువ్వేం చదివావు, అందులో ఏముంది అని ఒక్కరూ అడగలేదు. ఆ పూట ముగ్గురూ నా చేతి వైపే చూస్తూ కూర్చున్నారు. రాస్తున్నంతసేపూ నువ్వు నాకు గుర్తు లేవు. నీ వాక్యం తెలుగులో సరిగ్గా కూర్చోవాలి, అదొక్కటే పట్టింది. కొట్టేశాను, మళ్లీ రాశాను. అయిపోయాక అన్న చదివి, "నీ సదువు ఇన్ని దినాలకు అక్కరకొచ్చింది," అన్నాడు. నాకు సంతోషమైంది. అవును, అయింది. ఆ తర్వాతే నీకు పత్రిక తీయించమని రాశాను.

గమనికలు వాళ్లు అడగలేదు. నేనే ఇచ్చాను.

నేను యూనివర్సిటీకి రాస్తాను. అది తప్పుడు అనువాదమని, కావాలని మార్చి రాశానని సంతకం పెట్టి ఇస్తాను. అన్న నన్ను చంపినా సరే. ఎవరికి రాయాలో చెప్పు.

వర్ష

* * *

మన ఊరు
క్రిస్మస్ మర్నాడు

వర్షా,

ఎవరికీ ఏమీ రాయకు. తప్పుడు అనువాదమంటే, మరి సరైనదేది అని నన్ను పిలిచి అడుగుతారు. అడిగితే నేనేం చదివి వినిపించాలి? నీదే చదవాలి. అందులో తప్పు లేదు.

నా సీటు నిలబడింది. అది నిలబడాలంటే ఆ కాగితం మీ అన్న బీరువాలో నిద్రపోవాలి. నాయిన కూలి రేటు పెంచమన్న రోజు, వాడకట్టుకు నీళ్లు రాలేదని నోరెత్తిన రోజు అది నిద్ర లేస్తుంది. ఆ సంగతి ఆయనకు తెలుసు. పెంటయ్య నిన్న మా ఇంటి ముందు నుంచి పోతూ ఆగి, "నాదేముందన్నా, పటేలు నిలవడుమన్నడు," అని నాయిన చెయ్యి పట్టుకున్నాడు. ఆయన మీద కూడా నాకు కోపం రాలేదు. అంతా నీ కోసమే దాచిపెట్టినట్టున్నాను.

ఎంఏ చివర్న ఇవ్వాల్సిన పెద్ద వ్యాసం కూడా వెనక గోడ మీదే రాయాలనుకున్నాను. మార్చేస్తున్నానని మా గైడ్‌కు చెప్పాను. ఎందుకని అడిగింది. ఆసక్తి పోయిందన్నాను. సముద్రం మీద రాసిన కవితలు తీసుకుంటున్నాను. నేను సముద్రం చూడలేదు. అందులో పట్టుబడటానికి ఏమీ ఉండదు.

నీకు తెలియని సంగతి ఒకటి ఉంది. నాకు పెద్దగా నమ్మకం లేదు వర్షా. హైదరాబాద్‌లో చర్చికి పోక ఏడాది దాటింది. ఆ కాలువ, ఆ నీళ్లు నాకు వ్యాసానికి పనికొచ్చాయి, అంతే. నమ్మేది నాయిన. ఆయన పండుగను నేను పత్రికకు ఇచ్చాను, నువ్వు మీ అన్నకు ఇచ్చావు.

ఈసారి ఇంటి మీద నక్షత్రం కట్టలేదు. పాస్టరును మా ఇంటికి రావద్దని నాయినే పోయి చెప్పి వచ్చాడు. ప్రార్థనకు పోలేదు. ఎవరైనా ఫోన్లో ఫొటో తీస్తారని భయం. "నీ సదువు అయ్యేదాంక," అన్నాడు. మొన్న పొద్దుగూకాక క్రిస్మస్ పాటలవాళ్లు డప్పు కొట్టుకుంటూ వాడకట్టులో ఇంటింటికీ వచ్చారు. వాళ్లకు సంగతి తెలుసు. మా ఇల్లు రాగానే డప్పు ఆపారు, పాట ఆపారు, చెప్పుల చప్పుడు కూడా రానీయకుండా నడిచి దాటిపోయారు. లోపల చీకట్లో కూర్చున్న నాయిన వాళ్లు ఆపిన చోట పాట అందుకున్నాడు. అమ్మ గబుక్కున లేచి చేత్తో ఆయన నోరు మూసింది.

చైతన్య